కారణాంకం దొరకని సంయుక్త సంఖ్య



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు కారణాంకాల పాఠం రోజున బోర్డుమీద 9991 అని రాసి పక్కకు తప్పుకునేవారని ఆయన శిష్యులు చెబుతారు. పిల్లలు మూడో ఎక్కంతో మొదలుపెట్టేవారు. పోదు. ఏడుతో పోదు, పదకొండుతో పోదు, పదమూడుతో పోదు. ఇది ప్రధాన సంఖ్యేనని సగం క్లాసు తేల్చేసేది. అప్పుడు మాస్టారు దాని కింద 10000 – 9 అని రాసేవారు. అంటే 100 వర్గంలోంచి 3 వర్గం తీసేశారన్నమాట. వర్గాల భేదం సూత్రం తెలిసినవాడికి ఇక పలకా బలపం అక్కర్లేదు: 97 × 103.

బళ్ళో ఈ పాఠం అక్కడితో అయిపోతుంది. ఒక సంఖ్య సంయుక్తమని తెలియడం, దాని కారణాంకాలు తెలియడం ఒకే క్షణంలో జరుగుతాయి కాబట్టి ఆ రెండూ ఒకటే అనిపిస్తాయి. నిజానికి అవి వేరు. సంయుక్త సంఖ్యేనని అనుమానానికి తావులేకుండా నిరూపించి కూడా, ఒక్క కారణాంకమైనా చూపించలేని పరిస్థితి గణితంలో ఉంది. అలాంటి సంఖ్య ఒకటి 1987 నుంచి ఎవరికీ లొంగకుండా ఉంది. మరీ పెద్దది కాబట్టి లొంగలేదని సరిపెట్టుకోవడానికీ లేదు. అంతకన్నా పెద్దవి ఎన్నో నాలుగు గీతల్లో కారణాంకాలుగా విడిపోతాయి. సంఖ్యకు ఎన్ని అంకెలున్నాయన్నదానికన్నా అది ఏ రూపంలో ఉందన్నదే ఇక్కడ తేల్చేది. తెలుగువాళ్ళకు ఏనాడో పరిచయమైన ఒక సంఖ్యతో మొదలుపెడితే ఆ సంగతి తేటపడుతుంది.

గళ్ళూ గింజలూ

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళు నింపితే మొత్తం ఎన్ని గింజలు? ఈ లెక్కకు జవాబు చెప్పే చంపకమాల పద్యం ఒకటి పావులూరి మల్లనదిగా ప్రసిద్ధి. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని ‘సారసంగ్రహ గణితము’గా తెలుగు చేసిన కవి ఆయన. పద్యంలో అంకెలుండవు. అయిదుకు బాణం, ఒకటికి చంద్రుడు, నాలుగుకు సముద్రం లేదా వేదం, ఎనిమిదికి ఏనుగు, సున్నకు ఆకాశం. భూతసంఖ్యల పద్ధతిలో ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే వచ్చేది ఇది:

18446744073709551615

ఇరవై అంకెలు. మన లెక్కలో లక్షా ఎనభై నాలుగు వేల కోటి కోట్లకు పైమాట. గణిత సంకేతంలో 2⁶⁴ – 1. ఇదే సంఖ్యను ఈనాటి తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు మరో దారిలో కలుసుకుంటారు. 64 బిట్ల కంప్యూటర్లో రుణ గుర్తు లేని పూర్ణసంఖ్యకు పట్టే గరిష్ఠ విలువ ఇదే. ద్విసంఖ్యామానంలో వరసగా అరవై నాలుగు ఒకట్లు.

ఇది ప్రధానమా, సంయుక్తమా? చివర 5 ఉంది కాబట్టి సంయుక్తమే. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది కాబట్టి 3తోనూ పోతుంది, 9తో పోదు. మిగతా కారణాంకాల కోసం వెతుకులాట అనవసరం. 2⁶⁴ అనేది 2³² వర్గం. 1 అనేది 1 వర్గం. 9991 దగ్గర వాడిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. 2⁶⁴ – 1 = (2³² – 1)(2³² + 1). ఎడమ బ్రాకెట్లో మళ్ళీ వర్గాల భేదమే ఉంది. దాన్ని విడదీస్తే (2¹⁶ – 1)(2¹⁶ + 1). అలా దిగుతూ పోతే చివరికి మిగిలేవి ఆరు సంఖ్యలు: 3, 5, 17, 257, 65537, 4294967297.

కిందినుంచి పైకి గుణించుకుంటూ వస్తే ఇందులోని అందం కనిపిస్తుంది. 3 × 5 = 15, దానికి రెండు కలిపితే 17. 15 × 17 = 255, రెండు కలిపితే 257. 255 × 257 = 65535, రెండు కలిపితే 65537. 65535 × 65537 = 4294967295, రెండు కలిపితే 4294967297. ఆ రెండూ గుణిస్తే మల్లన సంఖ్య. ప్రతి మెట్టు దగ్గరా అప్పటిదాకా వచ్చిన లబ్ధానికి రెండు కలిపితే తర్వాతి కారణాంకం తయారవుతోంది.

ఫెర్మా నమ్మకం, ఆయిలర్ దెబ్బ

ఈ ఆరు సంఖ్యలకూ ఒకే రూపం. 2ను ఏదో ఒక ఘాతానికి పెంచి ఒకటి కలిపారు. ఆ ఘాతాలు వరసగా 1, 2, 4, 8, 16, 32. ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో న్యాయవృత్తిలో ఉంటూ తీరిక వేళల్లో సంఖ్యాశాస్త్రాన్ని మలుపు తిప్పిన పియర్ ద ఫెర్మా 1640లో రాసిన ఉత్తరాల్లో ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధానాలేనన్న నమ్మకం వెలిబుచ్చాడు. అందుకే వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది: సున్నావది 3, ఒకటోది 5, రెండోది 17, మూడోది 257, నాలుగోది 65537. ఈ అయిదూ ప్రధానాలే. అయిదోది 4294967297. దాని దగ్గరే ఫెర్మా తప్పటడుగు వేశాడు.

1729 డిసెంబరులో గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ తోటి గణితజ్ఞుడు ఆయిలర్‌కు రాసిన ఉత్తరం చివర తాజాకలంగా ఈ విషయం ప్రస్తావించి ఆయన ఏమంటాడని అడిగాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్‌కు అప్పటికి ఇరవై రెండేళ్ళు. 1732కల్లా జవాబు దొరికింది: 4294967297 = 641 × 6700417.

అన్ని ప్రధానాలతోనూ భాగించుకుంటూ పోతే 641 దాకా రావడానికి వందకు పైగా భాగహారాలు చెయ్యాలి. అంత అక్కర్లేదని తర్వాత ఆయిలర్ నిరూపించిన నియమం చెబుతుంది. అయిదో ఫెర్మా సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ ఉండి తీరాలి. ఆ వరసలో వచ్చే ప్రధానాలు 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలో పని అయిపోతుంది. 1878లో ఫ్రెంచి గణితజ్ఞుడు ల్యూకా 64ను 128 చేసి నియమాన్ని ఇంకా బిగించాడు. అప్పుడు చూడవలసినవి రెండే: 257, 641.

641తో భాగహారం కూడా నిజానికి చెయ్యనక్కర్లేదు. 641ని రెండు రకాలుగా రాయవచ్చు: 5 × 128 + 1, లేదా 625 + 16. మొదటి రూపాన్ని బట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం –1. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండో రూపాన్ని బట్టి 5⁴కి బదులు –2⁴ పెట్టవచ్చు. పెడితే –2³²కి శేషం 1 అని వస్తుంది. అంటే 2³² + 1లో 641 నిశ్శేషంగా పోతుంది. పదో తరగతి పిల్లవాడు కాగితం చిత్తు చెయ్యకుండా చెప్పగల నిరూపణ ఇది.

దీంతో మల్లన సంఖ్య పూర్తిగా విడిపోయింది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు వేర్వేరు ప్రధానాలు, ఏదీ రెండుసార్లు రాలేదు. ప్రతి ప్రధానాన్నీ తీసుకోవడమో మానడమో చెయ్యవచ్చు కాబట్టి దీనికి మొత్తం భాజకాలు 2⁷, అంటే 128.

ఇందులోని అయిదు ఫెర్మా ప్రధానాల లబ్ధం 4294967295కు జ్యామితిలో ఒక గౌరవస్థానం ఉంది. పందొమ్మిదేళ్ళు ఇంకా నిండని గౌస్ 1796లో పదిహేడు భుజాల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని కనిపెట్టాడు. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు, వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమైతేనే అలా గీయడం కుదురుతుంది. 1837లో వాంజెల్ ఈ నిబంధన తప్పనిసరని పూర్తిగా స్థాపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధానాలు అయిదే కాబట్టి ఈరోజుకీ అలాంటి బేసి బహుభుజులు ముప్పై ఒకటే తెలుసు. మొదటిది త్రిభుజం, చివరిది 4294967295 భుజాలది. 65537 భుజాలదాన్ని గీసే విధానం రాయడానికి హెర్మెస్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు పదేళ్ళు వెచ్చించాడు. 1894 నాటి ఆ రాతప్రతి గటింగెన్ విశ్వవిద్యాలయంలో ఉంది.

రెండు కలిపితే చాలు

మల్లన సంఖ్యకు రెండు కలిపితే 18446744073709551617 వస్తుంది. అది ఆరో ఫెర్మా సంఖ్య, 2⁶⁴ + 1. పొరుగున ఉన్న సంఖ్య అంత తేలిగ్గా విడిపోయింది కదా, దీనికేం అనిపిస్తుంది. ఇక్కడే రూపం సంగతి బయటపడుతుంది. 2⁶⁴ – 1 వర్గాల భేదం. 2⁶⁴ + 1 వర్గాల మొత్తం. మొత్తాన్ని పూర్ణాంకాల్లో విడదీసే అలాంటి సూత్రం లేదు. ఒక్క గుర్తు మారితే బీజగణితం చేతులెత్తేసింది.

పొరుగుసంఖ్య కారణాంకాలు అరువు తెచ్చుకుందామన్నా కుదరదు. ఏ ఫెర్మా సంఖ్యయినా తనకు ముందున్న వాటన్నిటి లబ్ధానికి రెండు ఎక్కువ. ఏదైనా ప్రధానం రెండు ఫెర్మా సంఖ్యల్లోనూ పోతే అది 2లో కూడా పోవాలి. ఇవన్నీ బేసి సంఖ్యలు కాబట్టి అది అసాధ్యం. అంటే ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు. 1730లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఈ వాదన నుంచే ప్రధాన సంఖ్యలు అనంతమని ఇంకో నిరూపణ దక్కింది: ప్రతి ఫెర్మా సంఖ్యా కనీసం ఒక కొత్త ప్రధానాన్ని వెంట తెస్తుంది. కానీ ఆ కొత్తది ఏదో చెప్పదు.

ఆరో ఫెర్మా సంఖ్య కారణాంకాలను 1880లో ఎనభై రెండేళ్ళ ఫార్చ్యునే లాండ్రీ ప్రకటించాడు: 274177 × 67280421310721. అంతకు పాతికేళ్ళ ముందే క్లౌసెన్ వీటిని గౌస్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడని తర్వాత తెలిసింది. నెలల తరబడి చేతిలెక్కతో వచ్చిన ఈ ఫలితాన్ని సరిచూడడానికి మాత్రం అయిదు నిమిషాలు చాలు. 2తో మొదలుపెట్టి వర్గం చేసుకుంటూ, 274177 దాటినప్పుడల్లా శేషం పట్టుకోవాలి. 2, 4, 16, 256, 65536. ఇంకోసారి వర్గం చేస్తే 4294967296. దాని శేషం 258768, అంటే 274177కు 15409 తక్కువ. 15409 వర్గం 237437281. ఇక 274177 × 866 = 237437282. ఒక్కటే తక్కువ. కాబట్టి 2⁶⁴కి శేషం –1, 2⁶⁴ + 1కి శేషం సున్న. మొత్తం ఆరు వర్గాలతో లాండ్రీ చెప్పింది నిజమని తేలిపోయింది. కనుక్కోవడానికీ సరిచూడడానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి. చివర దీనితో పని ఉంది.

చూడకుండా తేల్చడం

కారణాంకం ముట్టుకోకుండానే సంఖ్య సంయుక్తమని ఎలా తెలుస్తుంది? 91 తీసుకోండి. అది ప్రధానమే అయితే, 1640లోనే ఫెర్మా చెప్పిన మరో సూత్రం ప్రకారం, 2⁹⁰ను 91తో భాగిస్తే శేషం 1 రావాలి. 2¹² = 4096 = 91 × 45 + 1. కాబట్టి 2⁸⁴కీ శేషం 1, 2⁹⁰కి శేషం 64. ఒకటి రాలేదు. కాబట్టి 91 ప్రధానం కాదు. ఈ వాదనలో 7 గానీ 13 గానీ ఎక్కడా కనబడలేదు. శేషం 64ని ఎంతసేపు చూసినా అవి కనబడవు.

ఫెర్మా సంఖ్యలకు ఇంకా పదునైన పరీక్ష ఉంది. 1877లో పెపాన్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు దాన్ని కనిపెట్టాడు. 3తో మొదలుపెట్టి వరసగా వర్గాలు చేసుకుంటూ, ప్రతిసారీ ఆ ఫెర్మా సంఖ్యతో శేషం పట్టాలి. నిర్ణీత సంఖ్యలో వర్గాలయ్యాక –1 వస్తే ప్రధానం, రాకపోతే సంయుక్తం. మూడో ఫెర్మా సంఖ్య 257కు ఏడు వర్గాలు కావాలి: 3 నుంచి 9, 81, 136, 249, 64, 241, 256. చివరిది 257కు ఒకటి తక్కువ. కాబట్టి 257 ప్రధానం. నోట్‌బుక్‌లో అర పేజీ పని.

ఏడో ఫెర్మా సంఖ్యకు ముప్పై తొమ్మిది అంకెలు, నూట ఇరవై ఏడు వర్గాలు. కంప్యూటర్లు లేని 1905లో మోర్‌హెడ్, వెస్టర్న్ ఎవరికి వారు ఈ లెక్క చేసి అది సంయుక్తమని చూపించారు. 1909లో ఇద్దరూ కలిసి ఎనిమిదో దాని సంగతీ తేల్చారు. అయితే ఏడోది దేనితో పోతుందో 1970 సెప్టెంబరు దాకా ప్రపంచానికి తెలియదు. అప్పుడు మోరిసన్, బ్రిల్‌హార్ట్ కంప్యూటర్ మీద దాన్ని విడదీశారు: 59649589127497217 × 5704689200685129054721. సంయుక్తమని తెలిసిన అరవై అయిదేళ్ళకు.

2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూరుకు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యయినా ప్రధానమా సంయుక్తమా అన్నది అంకెల సంఖ్య మీద ఆధారపడిన బహుపది కాలంలో కచ్చితంగా తేల్చవచ్చని నిరూపించారు. అప్పటిదాకా అది తెరిచి ఉన్న ప్రశ్న. వాళ్ళ పద్ధతి సంయుక్తమన్న తీర్పు ఇస్తుంది, కారణాంకం ఇవ్వదు. కారణాంకాలు అంతే వేగంగా ఇచ్చే పద్ధతి మామూలు కంప్యూటర్లకు ఈనాటికీ లేదు.

మళ్ళీ వర్గాల భేదమే

మోరిసన్, బ్రిల్‌హార్ట్ చేసిందేమిటో చిన్న సంఖ్య మీద చూడవచ్చు. 1817ను విడదీయాలి. దానికి కాస్త పైనున్న వర్గాలు చూద్దాం. 43 వర్గం 1849, తేడా 32. 47 వర్గం 2209, తేడా 392. రెండు తేడాల్లో ఏదీ వర్గం కాదు. కానీ 32లో ఉన్నవన్నీ రెళ్ళే. 392లో మూడు రెళ్ళు, రెండు ఏళ్ళు. రెండూ గుణిస్తే 12544, అది 112 వర్గం! ఇక 43 × 47 = 2021; అందులోంచి 1817 తీస్తే 204. అంటే 204 వర్గానికీ 112 వర్గానికీ ఉన్న తేడాలో 1817 పోతుంది. ఆ తేడా 92 × 316. 92కూ 1817కూ గ.సా.భా. 23; 316కూ 1817కూ 79. కాబట్టి 1817 = 23 × 79.

సంఖ్య తనంతట తాను వర్గాల భేదంగా కనిపించకపోతే, దాని గుణిజాల్లో ఒకదాన్ని వర్గాల భేదంగా తయారుచేసుకోవడమే ఇందులోని కిటుకు. మోరిసన్, బ్రిల్‌హార్ట్ అవిరామ భిన్నాలతో చేసినా, 1980లలో పొమరాన్స్ జల్లెడతో చేసినా, తర్వాత వచ్చిన నంబర్ ఫీల్డ్ జల్లెడతో చేసినా లోపలి ఎత్తు ఇదే.

ఇదంతా 32, 392 లాంటి సంఖ్యలు తగినన్ని దొరకడం మీద నిలబడి ఉంది. చిన్న చిన్న ప్రధానాలతోనే పూర్తిగా విడిపోయే సంఖ్యలవి. గణితజ్ఞులు వాటిని స్మూత్ సంఖ్యలంటారు. అవి ఎంత తరచుగా వస్తాయి? దీని గురించి 1930లో డిక్‌మన్ మొదట రాశాడు. దాన్ని గట్టి గణిత నిరూపణగా నిలబెట్టిన తొలి పరిశోధకుల్లో ఒకరు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామస్వామి. ఆయన వ్యాసం 1949లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. అప్పటికి కారణాంకాల వేటకు ఈ ప్రశ్నతో సంబంధం ఉంటుందని ఎవరికీ తెలియదు. లెక్క ఇలా ఉంటుంది: పెద్ద సంఖ్యల్లో, తన వర్గమూలాన్ని మించిన ప్రధాన కారణాంకం లేనివి నూటికి 31. ఘనమూలాన్ని మించనివి నూటికి దాదాపు 5. నాలుగో మూలాన్ని మించనివి వెయ్యికి 5. గీత బిగించేకొద్దీ స్మూత్ సంఖ్యలు ఇంత వేగంగా పలచబడిపోతాయి. అంకెలు పెరిగేకొద్దీ కారణాంకాల వేట ఎందుకు కష్టమవుతుందో చెప్పేది ఈ పలచబడడమే.

ఆ కష్టం మీదే ఆర్‌ఎస్ఏ రహస్యలిపి నిలబడింది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ దాన్ని ప్రతిపాదించి, 129 అంకెల సంయుక్త సంఖ్యను సవాలుగా విడుదల చేశారు. పదిహేడేళ్ళ తర్వాత, 1994 ఏప్రిల్లో, ఇంటర్నెట్ ద్వారా కలిసిన దాదాపు ఆరువందల మంది స్వచ్ఛంద సహాయకుల కంప్యూటర్ల మీద జల్లెడ పట్టి దాన్ని విడదీశారు. ఆర్‌ఎస్ఏ సవాళ్ళ జాబితాలోని 250 అంకెల సంఖ్య 2020 ఫిబ్రవరిలో విడిపోయింది. బ్యాంకు లావాదేవీల భద్రతకు వాడే 2048 బిట్ల సంఖ్యలకు దాదాపు 617 అంకెలుంటాయి. ఆ జాబితాలోని 617 అంకెల సవాలు సంఖ్య ఇంకా విడలేదు. మల్లన సంఖ్య కారణాంకాల్లో ఒకటైన 65537 ఇక్కడ మళ్ళీ తగులుతుంది: ఆర్‌ఎస్ఏలో అందరికీ తెలిసేలా ఉంచే ఘాతాంకంగా సాధారణంగా వాడేది దాన్నే.

ఇరవయ్యోది

ఫెర్మా వరసలో ఎనిమిదోదాన్ని 1980లో బ్రెంట్, పొలార్డ్ విడదీశారు. 155 అంకెల తొమ్మిదోదాన్ని 1990లో లెన్‌స్ట్రా సోదరులు, మనాస్సె, పొలార్డ్ సుమారు ఏడువందల వర్క్‌స్టేషన్ల సాయంతో నంబర్ ఫీల్డ్ జల్లెడ పట్టి పూర్తిచేశారు. పదకొండోది బ్రెంట్ చేతిలో 1988లో, పదోది 1995లో పూర్తయ్యాయి. పెద్దది ముందు విడిపోయింది. పదకొండోదాని కారణాంకాల్లో చివరిది తప్ప మిగిలినవన్నీ చిన్నవి కావడమే దానికి కారణం. అంకెలు ఎక్కువైనంత మాత్రాన పని కష్టం కానక్కర్లేదనడానికి ఇదో సాక్ష్యం.

పన్నెండు నుంచి ఏదీ పూర్తిగా లొంగలేదు. పన్నెండోదానికి 1234 అంకెలు. ఆరు ప్రధాన కారణాంకాలు దొరికాయి. అవి తీసేశాక మిగిలిన 1133 అంకెల ముక్క సంయుక్తమేనని తెలుసు, అందులో ఏముందో తెలియదు. పద్నాలుగోది సంయుక్తమని సెల్‌ఫ్రిడ్జ్, హర్విట్జ్ 1960లలోనే తేల్చారు. మొదటి కారణాంకం 2010 ఫిబ్రవరిలో టాపియో రాజాలాకు చిక్కింది. దానికి 54 అంకెలు.

ఇరవయ్యో ఫెర్మా సంఖ్యకు 3,15,653 అంకెలు. పూర్తిగా అచ్చు వేస్తే నూటయాభై పేజీల పుస్తకం అవుతుంది. 1987లో జెఫ్ యంగ్, డంకన్ బ్యూయెల్ సూపర్ కంప్యూటర్ మీద పెపాన్ పరీక్ష నడిపారు. 257కు అర పేజీలో ముగిసిన పని ఇక్కడ 10,48,575 వర్గాలు, ఒక్కొక్కటీ మూడు లక్షల అంకెలకు పైబడిన సంఖ్యలతో. చివరి శేషం –1 కాలేదు. సంయుక్తం. ఒక్క కారణాంకమైనా ఇప్పటిదాకా బయటపడలేదు. 50,50,446 అంకెల ఇరవై నాలుగోదీ అంతే. 1999లో క్రాండల్, మేయర్, పాపడోపులోస్ అది సంయుక్తమని నిరూపించారు. అన్ని లక్షల వర్గాల్లో ఒక్క అంకె తారుమారైనా తీర్పు తలకిందులు కావచ్చు కాబట్టి, ఒకే లెక్కను వేర్వేరు యంత్రాల మీద నడిపి మధ్య శేషాలను పోల్చి చూశారు. దాని కారణాంకాలూ తెలియవు.

అయిదు నుంచి ముప్పై రెండు దాకా ప్రతి ఫెర్మా సంఖ్యా సంయుక్తమేనని ఇప్పుడు తెలుసు. ముప్పై మూడోది ఏమిటో తెలియదు. దానికి 258 కోట్లకు పైగా అంకెలు. పెపాన్ పరీక్ష దాని మీద ఇంతవరకు ఎవరూ పూర్తిచెయ్యలేదు.

ఇరవయ్యోదాని వేట ఎక్కడ సాగాలో మాత్రం ల్యూకా నియమం చెబుతుంది. దాని ప్రధాన కారణాంకం ఏదైనా 41,94,304 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉంటుంది. ఎవరైనా అలాంటి సంఖ్య ఒకటి పట్టుకొచ్చి ఇదే కారణాంకమంటే, సరిచూడడానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. లాండ్రీ కారణాంకానికి ఆరు వర్గాలు పట్టాయి. దీనికి ఇరవై చాలు. 2తో మొదలుపెట్టి ఇరవైసార్లు వర్గం చేసి, ప్రతిసారీ శేషం పట్టుకుంటూ పోయి, చివర ఒకటి తక్కువ వచ్చిందా లేదా చూడాలి. పెద్ద సంఖ్యల గుణకారం తెలిసిన చిన్న ప్రోగ్రాము రాయగల ఇంటర్మీడియట్ విద్యార్థి తన ఫోన్‌లో రెప్పపాటులో చెయ్యగల పని ఇది. సరిచూడమంటూ మొదటి కారణాంకం తెచ్చిన వాళ్ళు మాత్రం ఇంకా లేరు.